మొండెం గిటారు

అన్నను మట్టిలో పెడుతున్న రోజు సమాధుల తోటలో నిలబడ్డవాళ్ళలో సగంమంది ఆయన చేతి దెబ్బ తిన్నవాళ్ళే. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే కళ్ళు మూసుకోవాల్సింది పోయి నేను వరసగా అందరి ముఖాలూ చూస్తూ నిలబడ్డాను. డ్రమ్ములు వాయించే ఆయనకు కుడిచేతి చిటికెన వేలు వంగదు, అది అన్న పుణ్యమే. మైకుసెట్టు ఆయనకు ఎడమ చెవిలో ఇప్పటికీ హోరు. మా ఆర్కెస్ట్రా మాస్టారికి పైవరస ముందు పళ్ళు కట్టుడువి. వీళ్ళనెవరూ పిలవలేదు. ఒకరికొకరు ఫోన్లు చేసుకుని, ఆటోలు కట్టించుకుని మౌలాలి దాకా వచ్చారు.

పాస్టరుగారు ఆ చర్చికి కొత్త. "మన సహోదరుడు శాంతస్వభావి" అన్నారు పాపం, ఎవరి గురించైనా అనే మాటే కదా అని. డ్రమ్మర్‌కు దగ్గు తెర వచ్చింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి ఏదో వింత చప్పుడు బయటికొస్తే వదిన నావైపు తిరిగి చూసింది. వదినంటే అన్న భార్య. ఆమె కళ్ళలో కూడా అదే నవ్వుంది.

పేరు రాయను. రాస్తే పైనుంచైనా సరే ఏదో ఒకటి విసురుతాడు. మేమందరం అన్న అనే పిలిచాం, ఇక్కడా అంతే.

నేను అప్పట్లో నేరేడ్‌మెట్‌లో ఒక చిన్న బడిలో తెలుగు చెప్పేదాన్ని. సాయంత్రాలు మాస్టారి ఆర్కెస్ట్రాలో పాడేదాన్ని. పెళ్ళి రిసెప్షన్లు, వినాయకచవితి పందిళ్ళు, క్రిస్మస్ ముందు చర్చి కార్యక్రమాలు, ఎవరు పిలిస్తే వాళ్ళకు పాడేవాళ్ళం. మాస్టారు కీబోర్డు వాయించేవారు. రిహార్సల్ ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో. ఎండాకాలం ఆ షెడ్డులో పాడితే మనిషి ఉడికి, తొక్క తీయడమే తరువాయిగా ఉండేది. మా బేసు గిటారు వాయించే అతను గల్ఫుకు పోతే, రైల్వే వర్క్‌షాపులో బోగీల చెక్కపని చేసే ఒకాయన ఉన్నాడు, చర్చిలో వాయిస్తాడు, కొంచెం ముక్కోపి అని ఎవరో చెప్పారు. కొంచెం అన్నవాడెవడో నాకిప్పటికీ తెలియదు. తెలిస్తే అడగాల్సిన మాటలున్నాయి.

బేసు గిటారు అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. దానికి లావుపాటి తీగలు నాలుగుంటాయి. మామూలు గిటారులా గలగలమనదు, కింద కింద దుమ్ దుమ్‌మంటుంది. పెళ్ళికొచ్చినవాళ్ళకు అది విడిగా వినపడదు. ఆగిపోతే మాత్రం పాట కాళ్ళు విరిగినట్టు కూలబడుతుంది. ఆ గిటారు మెడ పొడుగ్గా ఉండి, చివర వెడల్పాటి తలకాయ ఉంటుంది. తీగలు బిగించే చెవులు ఆ తలకాయకే ఉంటాయి.

అన్న ఆ రోజు రైలుపెట్టె రంగు వేసిన సన్నటి చెక్కపెట్టె పట్టుకొచ్చాడు. మూత తీశాడు. లోపలున్నదానికి తలకాయ లేదు. మెడ కొస ఉన్నట్టుండి తెగిపోయి ఉంది, అక్కడ చిన్న ఇనుప పట్టీ, దాని కింద తీగల కొసలు. ఒళ్ళు చపాతీల పీటంత. తీగలు బిగించే మరలన్నీ కింద, ఒంటి చివర ఉన్నాయి. సైకిలు బ్రేకుల మరలు అవి, ఆయనే అరగదీసి అమర్చుకున్నాడు.

మైకుసెట్టు అతను నోరు ఊరుకోక, "గిదేందన్నా, మొండెం పట్కొచ్చినవ్?" అన్నాడు.

అన్న పెట్టె జాగ్రత్తగా కింద పెట్టాడు. లేచి, అతని చెవి మీద ఒక్కటిచ్చాడు. మనిషి స్పీకరు బాక్సు మీదుగా అవతలికి పడ్డాడు, బాక్సు కూడా పడింది. షెడ్డు రేకులు కాసేపు మోగుతూనే ఉన్నాయి. అన్న కూర్చుని, వంగి మరలు తిప్పుకుని తీగలు సరిచేసుకున్నాడు. తర్వాత కిందపడ్డవాడి వైపు చూసి, "పేరు మాత్రం మంచిగ పెట్టినవ్ తమ్మీ. మొండెమే" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన కూడా దాన్ని మొండెం అనే పిలిచాడు. ఇంకెవరైనా నవ్వుతూ అంటే మాత్రం ఊరుకునేవాడు కాదు.

తలకాయ ఎందుకు తీసేశావన్నా అని నేనొకసారి అడిగాను. అడిగే తీరులో అడిగితే చాలా ఓపికగా చెప్పేవాడు. ఆయన మొదటి గిటారు మామూలుదే. మెట్టుగూడ దగ్గర వ్యానులోంచి పడి తలకాయ విరిగింది. అతికించాడు. ఒక పెళ్ళిలో షామియానా గుంజ పడి మళ్ళీ అక్కడే విరిగింది.

"ఇరిగేది ఎప్పుడు జూడు తలకాయ కాడనే ఇరుగుతది టీచరమ్మా. ఇరిగేదాన్ని పెట్టుకునుడెందుకు? ఆ తలకాయ బరువుకే మెడ సుత వంగుతది. తలకాయ తీసేస్తె పరేషానే ఖతం."

"చూడ్డానికైనా తలకాయ ఉండొద్దా అన్నా?"

"చూసేటోళ్ళకు తలకాయలున్నయ్ గదా, సాలదా?"

మెడ చెక్క గురించి ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. పాత బోగీలు విప్పదీసినప్పుడు వేలంలో కొన్న టేకు అది. కిటికీ చట్రాలది. "ఇది నాకంటె పెద్దది. ఎండ తిన్నది, వాన తిన్నది, ఊళ్ళన్నీ తిరిగింది. వంగాల్సింది ఎప్పుడో వంగింది, ఎండాల్సింది ఎండింది. చిత్రికపట్టి సీదా చేసిన. ఇగ జన్మల వంగదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వం కంటే బెదిరింపే ఎక్కువ ఉండేది. వంగితే ఏం చేస్తాడో చెక్కక్కూడా తెలియాలన్నట్టు.

ఆయన చేసినవన్నీ గొప్పవని చెప్పను. నిజం చెప్పాలంటే అందులో సగం ఆలోచనలు పనికిమాలినవి. ఒళ్ళు అంత చిన్నది కావడం వల్ల అది ఒడిలో నిలిచేది కాదు, జారిపోయేది. దానికి వెనక ఒక ఇనుప కొక్కెం పెట్టాడు. అది పక్కటెముకలో గుచ్చుకుని ఆయనకు ఎప్పుడూ కమిలిన మచ్చ ఉండేదని వదిన చెప్పింది. మార్చుకోరాదా అంటే "అలవాటైతది" అనేవాడు. మొండెం కంటే ముందు ప్లైవుడ్డుతో ఒకటి చేశాడట, అది ఎండకు పొరలు పొరలుగా లేచిపోయింది. దాన్ని వాళ్ళ రైల్వే కాలనీ వాకిట్లో గడ్డపారతో కొట్టి చంపాడు. చంపాడనే అంటున్నాను, చుట్టుపక్కలవాళ్ళు అలాగే చెప్పారు కాబట్టి. పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకున్నారట. చెక్క పెళ్ళ ఎగిరి ఆయన కనుబొమ్మ చీరితే, నెత్తురు కారుతుంటే తుడుచుకోకుండా అది పిండి అయ్యేదాకా కొట్టాడట.

ఒక కన్ను మూసి చూడటం ఆయన అలవాటు. వస్తువు సీదాగా ఉందో లేదో చెక్కపనివాళ్ళు అలా చూస్తారు. ఈయన అన్నిటినీ చూసేవాడు. తలుపు రెక్కని, నవారు మంచాన్ని, పెళ్ళిలో సాంబారు గరిటెని. మా ఇంటికి వస్తే మా అత్తగారి చేతికర్ర లాక్కుని, కన్ను దగ్గర పెట్టుకుని, "వంకరున్నది అవ్వా" అని తిరిగి ఇచ్చేవాడు. మనుషుల్ని కూడా అలాగే చూసేవాడు. కొత్తవాడెవడైనా షెడ్డుకు వస్తే ఒక కన్ను మూసి, కింద నుంచి మీదికి చూసి, "సీదా" అనో "వంకర" అనో తేల్చేసేవాడు. వంకర అన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు దెబ్బలు తిన్నాడనే లెక్క.

ఆయన కోపాన్ని ముద్దుచేసి రాయడం నాకిష్టం లేదు. చచ్చిపోయినవాళ్ళ కోపాన్ని పసిపిల్లల మనసు అని రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. దెబ్బ దెబ్బే. చెవిలో హోరు మోస్తున్నవాడిని అడిగితే తెలుస్తుంది. అందుకే ఒకరోజు వదినను సూటిగా అడిగాను, నిన్నూ కొడతాడా అని. ఆమెది గుంటూరు వైపు. ఆసుపత్రిలో నర్సు.

"ఒకసారి కొట్టాడమ్మా, పెళ్ళైన కొత్తలో. పొయ్యి మీద గంజి కాగతా ఉంది. ఎత్తి పోశాను. భుజం మీద మచ్చ చూళ్ళేదా? నేనే కట్టు కట్టాను, నేనే మందు రాశాను. ఆ తర్వాత చెయ్యెత్తలా."

కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, వాన వచ్చేట్టుంది బట్టలు తీయాలి అన్నంత మామూలుగా చెప్పింది.

నాకూ ఒకసారి తగిలింది. డ్రమ్మర్ తాళం తప్పాడని అన్న మైకు స్టాండు ఎత్తి విసిరితే అది అతని వేలు విరగ్గొట్టి, దొర్లి వచ్చి నా పాదం మీద పడింది. నేను నొప్పికి ఏడ్చే రకం కాదు. కుంటుకుంటూ వెళ్ళి, అందరి ముందూ ఆయన చెంప మీద కొట్టాను. మాస్టారు కీబోర్డు వెనక్కి జరిగారు. అన్న చెంప తడుముకుని, ఒక కన్ను మూసి నన్ను చూశాడు.

"సీదా. బరాబర్ తగిలింది" అన్నాడు.

మర్నాడు వదిన మా బడికి వచ్చి నా పాదానికి కట్టు కట్టింది. పంపించింది ఎవరో చెప్పలేదు. ఆ తర్వాత ఆయన షెడ్డులో ఏ వస్తువు ఎత్తినా ముందు నేనెక్కడున్నానో చూసుకునేవాడు. ఆపేవాడు మాత్రం కాదు.

ఇక అసలు గొడవ మొండెం గొంతుది. దాని ధ్వని లోతైనదే, కానీ వాయించిన ప్రతిసారీ అడుగున చిటచిటమని ఒక చప్పుడు. పెనం మీద నీళ్ళు చిలికినట్టు. మెడ మీద వరసగా ఉండే మెట్లకు తీగ తగిలి వచ్చే చప్పుడు అది. మాస్టారికి చెవి మంచిది. మొదటి నెలలోనే కారణం పట్టేశారు.

"మెడ మరీ సీదా ఉన్నదన్నా. తీగ ఊగాలంటే జెర జాగ గావాలె. మెడ గోరంత ముందుకు వంగి ఉంటె ఆ చిటచిట పోతది. అన్ని గిటార్లకు గంతే."

"వంగుడా?"

"గోరంతనే."

"గోరంత వంగినా వంగుడే. నా చెక్క వంగదు. ఆ చప్పుడు దాని గొంతు. నీకు పడకపోతె చెవుల దూది పెట్టుకో."

ఆ చర్చ ప్రతి రిహార్సల్‌లో జరిగేది. మాస్టారు పట్టు విడవని మనిషి. మెత్తగా మాట్లాడతారు కానీ, మెత్తటి కత్తికే కోత ఎక్కువ. "నీ మొండెం ఇయ్యాల కాకపోతె రేపు వంగుతది, అప్పుడు మంచిగ మోగుతది, చూస్కో" అని నవ్వేవారు. ఆ నవ్వు అన్నను లోపల ఎక్కడో కోసేది. జనం నవ్వే వస్తువును ఒకటి తయారుచేసుకుని ఊరందరి మీదా చెయ్యి చేసుకున్నాడు. ఇక మిగిలింది ఒక్కటే, అది ముసలిదయ్యాక కూడా సీదాగా నిలబడాలి. నిలబడితే తను పిచ్చివాడు కాడు. వంగితే ఆ దెబ్బలన్నిటికీ అర్థం లేదు. ఈ మాట ఆయన నాతో అనలేదు. కానీ ఆయన రోజూ పొద్దున డ్యూటీకి వెళ్ళబోయే ముందు మొండేన్ని తీసి, కన్ను మూసి చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టేవాడని వదిన చెప్పింది. వేరేవాళ్ళు ప్రార్థన చేసుకునే సమయం అది.

బేగంపేటలో ఒక పెద్ద రిసెప్షన్. పెళ్ళికూతురి నాయనమ్మ స్టేజీ ఎదురుగా కుర్చీలో కూర్చుంది. మేము తీగలు సరిచేసుకుంటుండగా ఆమె కళ్ళు మొండెం మీద పడ్డాయి. మాస్టారిని పిలిచి, "అదేంది బిడ్డా, తలకాయ లేని దాన్ని శుభకార్యంల పెట్టిన్రు? పిల్ల మెడల పుస్తె పడి పొద్దు గూకలే, దాని ముందర మొండెమా? తీసెయ్‌మను" అంది. పెద్దావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కక్ష ఏమీ లేదు, నిజంగానే భయపడింది. మాస్టారికి కూడా శకునాల పట్టింపు ఉంది. బేసు లేకుండా పాడలేం, మొండెంతో పాడనివ్వరు.

అప్పుడు మాస్టారికి ఒక తెలివి తట్టింది. అంత తెలివి తట్టకుండా ఉంటే బాగుండేది. అన్న భోజనానికి వెళ్ళి ఉన్నాడు. స్టేజీ అలంకరణ చేసేవాళ్ళ దగ్గర ప్లైవుడ్డు ముక్క ఉంది. దాన్ని తలకాయ ఆకారంలో కోయించి, బంగారు రంగు కాగితం అంటించి, పసుపు రాసి, బొట్టు పెట్టి, తీసుకెళ్ళి మొండెం మెడ కొసకు మరలు పెట్టి బిగించారు. ఆ టేకులోకి, ఆ సీదా మెడలోకి మరలు దిగాయి. నాయనమ్మ చల్లబడి, అక్షింతలు కూడా వేసింది.

నేను అప్పుడే చీర మార్చుకుని వచ్చాను. చూసి, "మాస్టారూ, ఏం చేశారండీ" అన్నాను. అంతలో అన్న వచ్చేశాడు, చెయ్యి తుడుచుకుంటూ.

ఆయన అరవలేదు. అదే భయం వేసింది. దగ్గరికి వెళ్ళి, బొట్టు పెట్టిన ఆ కాగితం తలకాయను చేత్తో తాకి చూశాడు. మరలు ఎక్కడ దిగాయో వేలితో తడిమాడు. "ఎవ్వడు?" అన్నాడు.

"అన్నా, పెద్దామె పరేషానైతుంటె, గా ఒక్క ప్రోగ్రాంకే..." అన్నారు మాస్టారు.

పిడికిలి ఆయన నోటి మీద పడిన చప్పుడు మైకులో వినపడింది. ఎందుకంటే మైకు ఆన్‌లో ఉంది. మాస్టారు కీబోర్డు మీద పడ్డారు, దాని మెట్లన్నీ ఒక్కసారి కుయ్యోమన్నాయి. అన్న ఆయన్ని కాలరు పట్టి లేపి మళ్ళీ కొట్టాడు. మూడోసారి కొట్టబోతుంటే డ్రమ్మర్ వెనకనుంచి పట్టుకున్నాడు, వాడిని మోచేత్తో పొడిచాడు. పెళ్ళివారి మగవాళ్ళు స్టేజీ ఎక్కారు. ఆ తర్వాత ఎవరు ఎవరిని కొట్టారో చెప్పలేను. కుర్చీలు ఎగిరాయి. షామియానా తాడు తెగి ఒక పక్క కూలింది. పెళ్ళికొడుకు తలపాగాతో సహా బల్ల కింద దూరాడు. నలుగురు మీద పడి తన్నుతున్నా అన్న మొండేన్ని పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. వీపు మీద కర్రలు విరిగినా కదల్లేదు. స్టేజీ మీద పరిచిన తెల్ల గుడ్డ నిండా మాస్టారి నెత్తురు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాకు ఆ క్షణంలో అన్న అంటే అసహ్యం వేసింది, అది దాచాల్సిన పనిలేదు.

పోలీసుస్టేషన్లో ఎస్సై మొండేన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఒక చెక్క తలకాయ కోసం మనిషి పండ్లు రాలగొట్టినవా? నీకు దిమాక్ ఉందా?" అన్నాడు. మూలుగుతూ తువాలు నోటికి అడ్డం పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న మాస్టారు లేచారు. నెత్తురుతో మాట సరిగా రావడం లేదు, అయినా ప్రతి మాటా అర్థమైంది.

"కేసొద్దు సార్. ఈనికి కేసు సాలదు. నీ మొండెం వంగుతదిరా. తప్పకుండ వంగుతది. వంగిన నాడు నీ ఇంటికొచ్చి, నీ ముందర నిలబడి నవ్వుత."

"వంగిన నాడు నువ్వు రానక్కరలే. నా చేత్తోని నేనే పగలగొడుత" అన్నాడు అన్న.

ఆర్కెస్ట్రా ఆ రోజుతో సరి. మాస్టారు కొత్త పళ్ళు కట్టించుకుని వేరే జట్టు పెట్టారు. అందులో బేసు గిటారు లేదు. కీబోర్డులోనే బేసు వచ్చేసేది, ఎడమ చేత్తో నొక్కితే చాలు. ఊళ్ళో అన్ని జట్లూ అలాగే మారాయి. అన్న చర్చిలో వాయించాడు కొంతకాలం. కమిటీ పెద్దతో కొట్లాడి అదీ పోగొట్టుకున్నాడు. నేను పండగలకూ పబ్బాలకూ మౌలాలిలో వాళ్ళింటికి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. తలుపుల్ని, గరిటెల్ని, నన్ను కన్ను మూసి చూసేవాడు. మొండేన్ని మాత్రం బయటికి తీసేవాడు కాదు.

"వాయిస్తాడు, పొద్దున పూట," అంది వదిన వంటింట్లో. "చూడ్డం మానేశాడు. ఆ మరలు దిగినకాడి నుంచీ కన్ను పెట్టి చూడలా. చూస్తే ఏం కనపడుద్దోనని."

లోకంలో ఎవరికీ భయపడనివాడు ఒక చెక్కముక్కకు భయపడ్డాడు. నాకు అప్పుడే మొదటిసారి ఆయన మీద జాలి కలిగింది.

రిటైరయ్యాక పక్షవాతం వచ్చింది. ఎడమచెయ్యి పడిపోయింది. తీగల్ని నొక్కే చెయ్యి అది. మూతి ఒక పక్కకు పోయింది. మొండేన్ని పెట్టెలోంచి తీయక ఏళ్ళు గడిచాయి. ఒక ఆదివారం వదిన ఫోన్ చేసింది, నిన్ను రమ్మంటున్నాడు, మాస్టారిని వెంటబెట్టుకు రమ్మంటున్నాడు అని. మాస్టారికి చెబితే కట్టుడు పళ్ళు తీసి కడుక్కుని మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత, "ఆటో పిలువమ్మా" అన్నారు.

అన్న మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. మాస్టారిని చూసి కూర్చోమని కూడా అనలేదు.

"మంచం కింద ఉన్నది. తియ్. జూడు" అన్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది.

మాస్టారు పెట్టె లాగి, మొండేన్ని తీసి, కిటికీ వైపు తిరిగి కన్ను దగ్గర పెట్టుకున్నారు. ఒక కన్ను మూశారు. అన్న మొండేన్ని చూడటంలేదు, మాస్టారి ముఖం చూస్తున్నాడు.

"ఏమైంది? నోరు తెరువ్."

"వంగింది" అన్నారు మాస్టారు.

"ఎంత?"

"గోరంత. ముందుకు."

అన్న తల ఊపాడు. ముందే తెలిసినవాడిలా ఊపాడు. "నవ్వుతనన్నవ్ గదా. నవ్వు."

"యాదిలేదన్నా."

"నాకున్నది." వదిన వైపు తిరిగాడు. "సుత్తె తే."

ఆమె ఆపుతుందనుకున్నాను. వదిన లోపలికి వెళ్ళి సుత్తి తెచ్చి ఆయన కుడిచేతిలో పెట్టింది. "పగలగొట్టు. ఈ చెక్కతో నేను కూడా చాలా కాలం కాపరం చేశాను. ఇక చాలు" అంది. మొండేన్ని మంచం పట్టె మీద ఆనించి పట్టుకోవాల్సింది మాస్టారే, అన్న ఎడమచెయ్యి లేవదు కాబట్టి.

"కొట్టే ముందు ఒక్కసారి వాయించనీ అన్నా. చచ్చేటోనికి సుత ఆఖరి మాట అడుగుతరు" అన్నారు మాస్టారు.

మూల ఉన్న చిన్న స్పీకరు బాక్సుకు వైరు కలిపారు. మాస్టారిది కీబోర్డు చెయ్యి, అయినా ఆ మాత్రం వచ్చు. అన్నిటికంటే లావు తీగను మీటారు.

చిటచిట లేదు. ఆ గొంతు నిండుగా, నున్నగా, నేల మీద నుంచి వచ్చి మా కాళ్ళలోకి ఎక్కింది. గూట్లో గ్లాసులు సన్నగా మోగాయి. అదే చెక్క, అవే సైకిలు మరలు, ఎన్నో ఏళ్ళు తీగలు లాగి లాగి మెడను గోరంత వంచాయి, అంతే. మాస్టారు మెట్టు మెట్టుకూ పైకి వెళ్ళారు, కిందికి వచ్చారు. ఎక్కడా అడ్డు లేదు. నేను అన్ని సంవత్సరాలు ఆ గిటారు ముందు నిలబడి పాడాను. అది ఇలా మోగగలదని నాకు తెలియదు.

"మళ్ళ" అన్నాడు అన్న.

మాస్టారు మళ్ళీ వాయించారు. అన్న కళ్ళు మూసుకుని విన్నాడు. విని, చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"అంటె నీ పండ్లు ఉత్తగనే రాలగొట్టిన్నా?"

"ఉత్తగనే" అన్నారు మాస్టారు.

అన్న చేతిలో సుత్తిని తిప్పి, పిడి మాస్టారి వైపు పెట్టాడు. "కొట్టు" అన్నాడు. వంకరపోయిన నోరు తెరుచుకుని, తల గోడకు ఆనించి కూర్చున్నాడు.

మాస్టారు సుత్తి తీసుకున్నారు. నేను అబద్ధం చెప్పను, ఆయన దాని బరువు చూశారు. ఆయన కళ్ళలో బేగంపేట స్టేజీ మీది నెత్తురంతా మళ్ళీ కనపడింది. వదిన అడ్డం రాలేదు. నేనూ రాలేదు. అన్న నోరు మూయలేదు.

మాస్టారు సుత్తిని మంచం మీద పడేసి, అరచేత్తో ఆయన చెంప పగిలేట్టు కొట్టారు. రోగిష్టిని కొట్టే దెబ్బ కాదు, మనిషిని కొట్టే దెబ్బ. అన్న తల పక్కకు తిరిగింది. సగం ముఖంతో నవ్వాడు. మాస్టారు మంచం పట్టె మీద కూలబడి, కట్టుడు పళ్ళు కదిలేట్టు ఏడ్చారు. నేనూ ఏడ్చాను, ముసలివాళ్ళిద్దరి మీదా ఒళ్ళు మండుతూనే ఏడ్చాను.

కాసేపటికి మాస్టారు ముఖం తుడుచుకుని, సుత్తి వైపు చూపించి, "మరి పగలగొట్టవా? మాటన్నవ్ గదా" అన్నారు.

అన్న కుడిచెయ్యి చాచి మొండెం మెడ మీద పెట్టాడు. కింది నుంచి మీదికి, మరలు దిగిన చోటి దాకా, నెమ్మదిగా తడిమాడు.

"ఇప్పుడే జెర మంచిగైందిరా," అన్నాడు. "గిప్పుడెట్ల సంపుత?"